బడిపిల్లల ఆరోగ్యానికి కాపు – పాఠశాల నర్సు

చికిత్సకు నాలుగు పాదాలున్నవని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వైద్యుని ప్రజ్ఞ గురించి, మూలికల మహిమ గురించి మన పత్రికలలో ఎన్ని పుటలైనా నిండుతాయి. రోగి ప్రక్కన కూర్చుని నుదుటిపై చేయి వేసి చూసే పరిచారకుని గురించి మాత్రం వ్రాసేవారు తక్కువ. అట్టి వ్యక్తికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగేనని శాస్త్రం: పరిచర్యా విధానం తెలిసి ఉండడం, చేతిలో నేర్పు, రోగియందు అనురాగం, శుచిత్వం. ఈ నాలుగు గుణాలకూ నిత్యం పరీక్ష జరిగే చోటు ఆసుపత్రి కాదనీ, వందలాది పిల్లలు ఉండి చదువుకునే వసతి పాఠశాల అనీ నా అభిప్రాయం. ఆసుపత్రిలో నర్సు వెనుక వైద్యుడుంటాడు. బడిలో ఆమె వెనుక ఎవరూ ఉండరు. రాత్రి పదకొండు గంటలకు ఒక పిల్లవాడు కడుపు పట్టుకుని వస్తే నిర్ణయం ఆమె ఒక్కతే తీసుకోవాలి.

నేను శాస్త్రం చదువుకున్నది గురువుగారి ఇంట. అక్కడ మేము పదిమందికి మించి ఉండేవారము కాము. మా ఆరోగ్యం కనిపెట్టి చూసినది గురువుగారు కాదు, గురుపత్ని. ఉదయం చద్దన్నం వడ్డించేటప్పుడే ఎవరి ముద్ద చిన్నదైనదో ఆమెకు తెలిసిపోయేది. నాలుక చాపమనేవారు, కనురెప్ప లాగి చూసేవారు, రాత్రి నిద్రలో ఎవరు పళ్ళు కొరికారో అడిగేవారు. అటుపైననే ఆ విషయం గురువుగారి చెవిన పడేది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల విద్యాలయం ప్రారంభమైన తరువాత ఆ గురుకులం అనే పేరు మన రాష్ట్రాలలో వందలాది వసతి పాఠశాలలకు వచ్చింది. పదిమంది స్థానంలో ఐదారు వందలమంది చేరారు. గురుపత్ని చేసిన పని ఇప్పుడు నర్సు చేయవలసి వచ్చింది.

ఈ ఉద్యోగం పుట్టుక కూడా తెలుసుకోదగినదే. న్యూయార్కు నగరంలో ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో వైద్యులు బడులకు వచ్చి, పేలు, తామర, కండ్లకలక వంటివి ఉన్న పిల్లలను గుర్తించి ఇంటికి పంపివేసేవారు. ఆ పిల్లలకు ఇంటివద్ద వైద్యం జరిగేది కాదు, తిరిగి బడికి వచ్చేవారూ కాదు, వీధులలో తిరిగేవారు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులలో ఒక నెల పాటు ప్రయోగంగా నియమించారు. ఆమె చిన్న చిన్న రుగ్మతలకు బడిలోనే కట్టుకట్టి, మందు పూసి, తరగతికి పంపింది. మిగిలినవారి ఇండ్లకు వెళ్ళి తల్లులకు పద్ధతి నేర్పింది. గైర్హాజరు ఎంతగానో తగ్గింది, నగరం మరికొందరు నర్సులను నియమించింది. మన దేశంలో బడిపిల్లల వైద్య పరీక్ష 1909లో బరోడాలో మొదలైంది. పరీక్షించడం వేరు, పరామర్శించడం వేరు అన్నది ఆనాడు న్యూయార్కులో తేలిన విషయం. మనకు ఈనాటికీ పూర్తిగా ఒంటబట్టలేదు.

ఇక నిత్యకృత్యం సంగతి. తెలివైన నర్సు తన గదిలో కూర్చుని రోగులకై ఎదురుచూడదు. ఉదయపు ప్రార్థన వేళ వరుసల వెంట నడుస్తుంది. ఎవరు గోక్కుంటున్నారు, ఎవరి పెదవులు పాలిపోయినవి, ఎవరు నిలబడలేక ప్రక్కవాని భుజంపై వాలుతున్నారు అన్నది ఆ పది నిమిషాలలో ఆమె కంట పడుతుంది. కాశ్యప సంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయం గలదు. మాటలు రాని శిశువుకు ఎక్కడ నొప్పిగా ఉన్నదో వాని చేష్టలనుబట్టి తెలుసుకొనే విధానం అందులో చెప్పబడింది. మాటలు వచ్చిన పిల్లలు కూడా అన్నీ చెప్పరని నా నలువది ఏండ్ల అనుభవం.

వసతి గృహాలలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది గజ్జి. రాత్రివేళ దురద ఎక్కువ కావడం, వ్రేళ్ళ సందులలో, మణికట్టు వద్ద, నడుము చుట్టూ చిన్న పొక్కులు లేవడం దీని గుర్తులు. వేపాకు, పసుపు నూరిన ముద్ద మన ఇండ్లలో తరతరాలుగా వాడుతున్నదే, నేనూ ఇస్తాను. కాని నలువదిమంది ఒకే గదిలో ప్రక్కప్రక్కన పడుకునే చోట దానిని నమ్ముకొని కూర్చోవడం తగదు. ఐదు శాతం పెర్మెత్రిన్ లేపనాన్ని మెడ నుండి పాదాల వరకు రాత్రి పూసి ఉదయం స్నానం చేయించడం, వారం తరువాత మరల ఒకసారి పూయడం నేడు నమ్మదగిన చికిత్స. ఇందులో ముఖ్య సూక్ష్మం ఒకటున్నది. దురద ఉన్నవారికి మాత్రమే గాక గదిలోని వారందరికీ ఒకే రోజున పూయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజున మందు పూస్తే గజ్జి గదంతా ప్రదక్షిణం చేస్తూనే ఉంటుంది. మందు పనిచేసిన తరువాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చును. అది చూసి మందు పనికిరాలేదని రోజూ పూసి చర్మం పాడుచేయరాదు.

తలలో పేల విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. సీతాఫలం గింజల పొడి పేలకు మంచిదని గృహవైద్య పుస్తకాలలో ఉన్నది, పేలు చచ్చేమాటా నిజమే. కాని ఆ పొడి కంటిలో పడితే నల్లగ్రుడ్డుపై పొర దెబ్బతిని కన్ను మంటతో ఎర్రబారి, రోజుల తరబడి తెరవలేని స్థితి కలుగుతుంది. పిల్లలు కుదురుగా కూర్చోరు, తలస్నానపు నీరు కంటిలోకి కారుతుంది. ఈ పొడిని వసతి గృహంలోనికి రానీయవద్దని నేను ఎరిగిన నర్సులందరికీ చెబుతాను. తడి తలకు నూనె రాసి సన్నపండ్ల ఈరుపెనతో రెండు మూడు రోజులకొకసారి దువ్వుతూ రెండు వారాలు పట్టుదలగా చేస్తే చాలావరకు పోతాయి. శ్రమ ఎక్కువే, అపాయం మాత్రం లేదు.

రక్తహీనత గురించి కొంత వివరంగా చెప్పాలి. పది సంవత్సరాలు దాటిన పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర, చిన్న తరగతులవారికి ఇచ్చే గులాబీరంగు మాత్ర తల్లిదండ్రులు చూసే ఉంటారు. నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, గులాబీ మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, రెండింటిలోనూ ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. మాత్రలు సరఫరా కావడం ఒక ఎత్తు, పిల్లల కడుపులోనికి వెళ్ళడం మరొక ఎత్తు. పరగడుపున ఇస్తే వాంతి వస్తుంది, ఒక పిల్ల వాంతి చేసుకుంటే తరగతి అంతా భయపడుతుంది, ఆ వారం మాత్రలన్నీ కిటికీలోనుండి బయట పడతాయి. కావున మధ్యాహ్న భోజనం తరువాతనే, తన ఎదుటనే మ్రింగించాలి. మలం నల్లగా రావచ్చును, అది దోషం కాదని ముందుగానే చెప్పాలి. ఆ వేళకు తేనీరు ఇవ్వరాదు, ఇనుమును ఒంటికి పట్టనీయదు. ఉసిరికాయ పచ్చడి, నిమ్మరసం, జామపండు ఇనుము పట్టడానికి తోడ్పడతాయి. తోటకూర, మునగాకు, నువ్వులు బెల్లం కలిపిన చిమ్మిలి ఆహారంగా ఎంతో మంచివి. అయితే 12 నుండి 14 ఏండ్ల పిల్లలో రక్తం 12 గ్రాములకు బాగా తగ్గిపోయినప్పుడు చిమ్మిలి ఒక్కటే తినిపించి ఊరుకోరాదు, వైద్యుడు చూడాలి. నులిపురుగులు ఉన్నంతకాలం ఎంత తిన్నా లాభం తక్కువ. అందుకే 2015 నుండి ఏటా ఫిబ్రవరి 10వ తేదీన పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర నమలడానికి ఇస్తున్నారు. ఆ రోజున జ్వరంతో ఉన్న పిల్లకు ఇవ్వకుండా పేరు వ్రాసి ఉంచి, తగ్గిన తరువాత ఇవ్వడం నర్సు చేయవలసిన పని.

ఆడపిల్లల బడిలో నర్సు గదికి మరొక ప్రయోజనం గలదు. తొలి ఋతువు వచ్చిన పిల్ల ఇంటికి దూరంగా, అమ్మ లేనిచోట, ఎవరితో చెప్పాలో తెలియక భయపడుతుంది. ఆమెకు తలుపు మూసుకునే ఒక గది, ఒక శుభ్రమైన పొత్తి, నాలుగు మంచి మాటలు కావాలి. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, పూటపూటకూ బట్టలు తడిసినా దానిని సహజమని వదిలివేయరాదు.

జ్వరం వచ్చినప్పుడు మొదటి సాధనం చేయి కాదు, థర్మామీటరు. పారాసిటమాల్ ఇవ్వవలసి వస్తే వయస్సునుబట్టి కాక బరువునుబట్టి, కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు నాలుగు పర్యాయాలకు మించకుండా ఇవ్వాలి. ఇరువది కిలోల పిల్లవానికి పెద్దల మాత్ర పూర్తిగా వేయడం తప్పు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. వానకాలంలో డెంగీ జ్వరంలో జనం పొరబడే చోటు ఒకటున్నది. జ్వరం దిగిన రోజున పిల్లవాడు బాగుపడ్డాడని తరగతికి పంపుతారు. నిజానికి అపాయం ఆ ఒకటి రెండు రోజులలోనే వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తం, చల్లబడిన చేతులు కాళ్ళు, మగత కనబడితే బొప్పాయి ఆకు రసం కొరకు వెతుకుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విరేచనాలలో ఉప్పు వేసిన గంజి, మజ్జిగ మంచివే. ప్యాకెట్టులోని ఓఆర్‌ఎస్ పొడి దొరికితే అది అన్నిటికంటె మేలు. లీటరు నీటి ప్యాకెట్టును గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. పిల్లలు రుచికోసం అలాగే కలుపుకుంటారు, గమనించాలి.

ఇప్పుడు కడుపునొప్పి. బడి నర్సు వద్దకు తరచుగా వచ్చే బాధ ఇదే, ఆమె వివేకానికి గొప్ప పరీక్ష కూడా ఇదే. నేను కొన్నేండ్లుగా నెలకొకసారి వెళ్ళి పిల్లలను చూసి వచ్చే ఒక వసతి పాఠశాలలో జరిగిన సంగతి చెబుతాను. ఎనిమిదవ తరగతి పిల్లవాడు రాత్రి భోజనం వద్దన్నాడు. బొడ్డు చుట్టూ నొప్పి, ఒకసారి వాంతి. వార్డెను అనుభవం గల మనిషి, చెడ్డవాడు కాదు. అజీర్ణమని నిర్ణయించి ఆముదం పట్టించమన్నాడు. నర్సు ఇరువది ఆరేండ్ల అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆమె వెంటనే ఏమీ ఇవ్వలేదు. పిల్లవానిని పడుకోబెట్టి గంట గంటకు చూసింది. నొప్పి బొడ్డు దగ్గరనుండి కుడివైపు క్రిందికి దిగింది. కొద్దిపాటి జ్వరం తగిలింది. లేచి ఒక్కసారి గెంతమంటే గెంతలేకపోయాడు, దగ్గమంటే కడుపు పట్టుకున్నాడు. వార్డెను మరల ఆముదం మాట ఎత్తాడు. ఆమె పోయబోనని చెప్పి, ఆటో పిలిపించి, వానిని తానే పట్టణంలోని ఆసుపత్రికి తీసుకొనిపోయింది. తెల్లవారేసరికి ఉండుకమనబడే అపెండిక్సు తీసివేశారు. అది వాచి పగలడానికి సిద్ధంగా ఉన్నదట.

ఆ తరువాత నేను వెళ్ళినప్పుడు వార్డెను నన్ను చాటుగా అడిగాడు. "అయ్యా, తమరే చెప్పండి, ఆముదం మన శాస్త్రంలో ఉన్నదే కదా, అందులో తప్పేమున్నది?" నేనన్నాను: "శాస్త్రంలో ఉన్నది. ఎప్పుడు ఇవ్వకూడదో కూడా శాస్త్రంలోనే ఉన్నది. నవజ్వరంలో విరేచనం నిషిద్ధం. ఉండుకం వాచినపుడు విరేచనకారి పడితే అది కడుపులోనే పగిలే ప్రమాదం ఉన్నది. ఆ అమ్మాయి చేసినది నేనైనా చేయవలసినదే." ఆయన ఆ మాట విన్నాడు. ఇప్పుడు ఆ బడిలో ఆముదం సీసా నర్సు గదిలోనే, తాళం క్రింద ఉంటుంది.

కడుపునొప్పిలో ఇంతకంటె మోసకరమైనది మరొకటి గలదు. నేలపై పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దముద్దగా వస్తుంటే అది కట్లపాము కాటు కావచ్చును. ఈ పాము రాత్రివేళ కరుస్తుంది. నొప్పి, వాపు లేనట్లే ఉంటాయి, గాటు కనబడకపోవచ్చును. కడుపునొప్పికి వాము నీళ్ళు ఇచ్చి పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుంది. కాటు తెలిసినా, అనుమానమే అయినా చేయవలసినది ఒక్కటే: అవయవాన్ని కదలకుండా ఉంచి, గట్టి కట్లు కట్టక, కోయక, పసరు పోయక, 108కి ఫోను చేసి విషహరపు సూదిమందు గల ఆసుపత్రికి తరలించడం. మూలికలతో జీవనం గడిపిన వైద్యుడను నేను చెబుతున్నాను, పాముకాటుకు పసరు కొరకు ఒక్క నిమిషం కూడా వ్యర్థం చేయవద్దు. పిల్లలను మంచంపై, అంచులు పరుపు క్రింద మడిచిన దోమతెరలో పడుకోబెట్టడం ఇందుకు మంచి రక్షణ.

మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, నోటిలో చెంచా దూర్చడం ఇంకా పోలేదు. పిల్లను ప్రక్కకు ఒత్తిగిలించి, తలక్రింద మెత్తని బట్ట ఉంచి, నోటిలో ఏమీ పెట్టక, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి. ముక్కునుండి రక్తం కారితే తల వెనుకకు వంచరాదు. ముందుకు వంగి కూర్చోబెట్టి ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. చీము కారే చెవిలో వేడి నూనె పోయడం కూడదు. కర్ణపూరణం మన విధియే, చీము పట్టిన చెవికి కాదు.

నర్సు వద్ద ఉండే సాధనాలన్నింటిలోనూ నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆమె రిజిస్టరుకు. పేరు, తరగతి, బాధ, ఇచ్చిన మందు అని నాలుగు గడులు ఎక్కడైనా ఉంటాయి. వారం, వేళ అని మరి రెండు గడులు వేసుకున్న నర్సుకు చాలా విషయాలు బోధపడతాయి. ఒకే పిల్ల ప్రతి సోమవారం ఉదయం తలనొప్పి అంటున్నదంటే అది ఇంటిమీద బెంగ కావచ్చును. పదకొండు గంటలకు కళ్ళు తిరిగేవాడు ఉదయం ఏమీ తినకుండా వస్తుండవచ్చును. తలనొప్పి ఎప్పుడూ నల్లబల్ల చూసే తరగతిలోనే వస్తే ఆరు మీటర్ల దూరాన అక్షరాల పట్టిక తగిలించి ఒక్కొక్క కన్నే మూసి చదివించాలి. ఎందరో పిల్లలు మందబుద్ధులని పేరుపడి, కళ్ళద్దాలు రాగానే మంచి మార్కులు తెచ్చుకోవడం నేను చూశాను. అన్నిటికంటె భారమైనది మరొకటి. ఒకే వ్యక్తి పేరు వినబడగానే కడుపునొప్పి అనే పిల్ల, కారణం చెప్పలేని కమిలిన గాయాలు, కూర్చోవడానికి భయపడే పిల్ల. వీటిని రిజిస్టరులో కడుపునొప్పి అని వ్రాసి మాత్ర ఇచ్చి పంపడం మహాపరాధం. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి. 1098 బాలల సహాయవాణి. బడి పరువు అని ఎవరు నోరు నొక్కినా నర్సు లొంగవలసిన పని లేదు.

ఇంత పని ఉన్న మనిషికి చాలాచోట్ల సరుకుల లెక్కలు, హాజరు పట్టికలు అప్పగిస్తారు. ఆమె సెలవు పెట్టిన రోజున మాత్రలు వంటవాడో, కాపలాదారో పంచుతాడు. ఇది నాకు బొత్తిగా నచ్చని విషయం.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో సంచార వైద్య బృందాలు బడులకు వచ్చి పిల్లలను చూస్తున్నవి. ఆ బృందాలలోని వైద్యులు ఆయుష్ పట్టభద్రులు కావడం మాకు సంతోషం. కాని బడికి వారు వచ్చేది ఏడాదికొకసారి. గుండెలో రంధ్రమని, చెవుడని, గ్రహణం మొఱ్ఱి అని వారు వ్రాసి ఇచ్చిన చీటీ ఏ పుస్తకంలోనో మడిచి ఉండిపోకుండా, ఆ పిల్ల జిల్లా ఆసుపత్రికి వెళ్ళేదాకా వెంటపడవలసినది నర్సే.

తల్లిదండ్రులు చేయవలసిన సహాయం కొంత ఉన్నది. ఉబ్బసం, మూర్ఛ, ఏదైనా మందు పడకపోవడం వంటివి ఉంటే బడిలో చేర్చిన రోజుననే నర్సుతో చెప్పండి. ఆడపిల్లకు మూర్ఛ అని తెలిస్తే పెండ్లి కాదని దాచేవారున్నారు. మాత్ర మానితే ఆ పిల్ల స్నానాల గదిలో ఒంటరిగా పడిపోవచ్చును. ఉబ్బసం పిల్లవాని పీల్చే మందు వాని చేతికి అందేచోట ఉండాలి, పెట్టె అడుగున కాదు. మీరు ఏదైనా లేహ్యమో, చూర్ణమో, భస్మమో ఇస్తుంటే పేరు, మోతాదు కాగితంపై వ్రాసి నర్సుకు అందజేయండి. పేరులేని పొట్లాలు పిల్లల పెట్టెలలో పెట్టకండి, అవి నేను ఇచ్చినవే అయినా సరే.

నర్సు లేని బడులే ఎక్కువ. అట్టిచోట 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం క్రింద శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఇద్దరుండాలి. వారెవరో తెలుసుకోండి. వసతి గృహంలో పిల్లలను ఉంచినవారు ఈసారి వెళ్ళినపుడు నర్సు గదిలోనికి తొంగిచూడండి. థర్మామీటరు, బరువు తూచే యంత్రం, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పడుకోవడానికి ఒక మంచం ఉన్నవో లేవో చూడండి. రాత్రివేళ ఆ గది తాళంచెవి ఎవరివద్ద ఉంటుందో, ఆసుపత్రికి వెళ్ళడానికి ఏ వాహనం ఉన్నదో కూడా అడగండి.